ఇప్పపువ్వు గోదాం వేడెక్కిన వేసవి

1958 మార్చి నెలలో నన్ను ఆత్మకూర్ నుంచి కొల్లాపూర్ తాలూకాకు బదిలీ చేశారు. హోదా ఆబ్కారీ సబ్ ఇన్‌స్పెక్టర్. కొత్త రాష్ట్రం వచ్చాక కాగితాల మీద ఎక్సైజ్ శాఖ అని పడుతున్నా, ఊళ్లలో మేము ఆబ్కారీ వాళ్లమే, నేను దారోగానే. అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో ఇప్పపువ్వు గోదామును స్వాధీనం చేసుకుని, ఎత్తుబడి పూర్తయ్యేవరకు కాపాడవలసిందని ఉత్తర్వు. పువ్వులకు కాపలా ఏమిటని నవ్వుకున్నాను. కేతేపల్లిలో ఉన్న మా బాపుకు సంగతి చెబితే, ఇంత చదువు చదివి తోటమాలివి అయినవా అన్నాడు.

ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు లేరు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. ఎండలు ముదిరే ముందు ఇప్పచెట్టు ఆకంతా రాల్చి పూస్తుంది. పువ్వు తెల్లవారుతుండగా రాలడం మొదలై పొద్దెక్కేదాకా టపటపా పడుతూనే ఉంటుంది. పాలరంగులో, కండగా, కొరికితే నోరంతా తీపి. చెట్టు కింద ఎండుటాకులు కాల్చి నేల శుభ్రం చేసి, పువ్వు ఏరి, బండల మీద ఆరబోస్తారు. నాలుగు ఎండలు తగిలితే ముడుచుకుపోయి కిస్‌మిస్ రంగుకు వస్తుంది. అప్పుడు కర్రతో మెల్లగా కొట్టి కేసరాలు రాల్చి గంపలకెత్తుతారు. వేయించి నువ్వులతో దంచుకు తింటారు. గొర్రెలు, మేకలు దానికోసం తాళ్లు తెంపుకుంటాయి. నీళ్లలో నానేసి పులియబెట్టి బట్టీ పెడితే సారా అవుతుంది. సర్కారు కన్ను ఈ చివరి సంగతి మీద.

అందుకని ఏరిన పువ్వు ఇళ్లలో ఉంచుకోవడానికి ఒక పరిమితి ఉండేది. మిగిలినదంతా మా గోదాముకు చేరాలి. గోదాముకు రెండు తాళాలు, ఒకటి శాఖది, రెండోది సారా గుత్తేదారుది. ఒకరు లేకుండా ఇంకొకరు తలుపు తీయడానికి వీల్లేదు. పూత కాలం అయిపోగానే తలుపు మూసి సీలు వేస్తాం. తరవాత గుత్తేదారు బండ్లు తెచ్చి, మా ఎదుట పువ్వు తూచి, బట్టీకి తీసుకుపోతాడు. దీన్నే ఎత్తుబడి అనేవాళ్లం. ఆ రోజున ఏ ఇంటి వంతుకు తగ్గట్టు ఆ ఇంటికి జొన్నలు, ఉప్పు కొలిచేవాళ్లు. ఎత్తుబడి జరిగేవరకు పువ్వు ఏరినవాళ్లదే, నష్టం వస్తే వాళ్లకే. ఈ ఒక్క నిబంధన గుర్తుంచుకుంటే చాలు, మిగతా కథ అర్థమవుతుంది.

నేను వెళ్లేసరికి గోదాము సగం నిండి ఉంది. నాకు ముందున్న అధికారి అప్పటికే వేరే చోట చేరిపోయాడు. పువ్వు రాశి నిలువెత్తుకు మించి ఉంది. పైన కనిపించేదాన్ని చూసి అప్పగింత కాగితం మీద సంతకం చేశాను. అడుగున ఏముందో చూడాలంటే రాశంతా తీసి బయట పోయాలి, అది అయ్యే పని కాదు. కాని ఆ రోజునుంచి నా మనసు నిలకడగా లేదు. నాది మొదటినుంచీ అనుమానపు స్వభావం. మూత వేసిన గిన్నె కనిపిస్తే తీసి చూడందే నాకు అన్నం సహించదు.

ఆ తరవాత వచ్చిన ప్రతి గంపనూ నేనే పరీక్షించాను. పరీక్ష తేలికే. గుప్పెడు పువ్వు తీసుకుని గట్టిగా పిసికి వదలాలి. దేనికది విడిపోతే ఎండినట్టు, ముద్దగా ఉండిపోతే ఇంకో ఎండ కావాలి. నేను వెనక్కి పంపిన గంపలు తక్కువేమీ కావు. ఆడవాళ్లు గొణుక్కుంటూనే మళ్లీ బండ మీద ఆరబోసేవాళ్లు.

వాళ్లలో పెద్దది బుచ్చమ్మ. గొల్లవాళ్ల ఆడది, భర్త లేడు, మా అవ్వ వయసు. కిందటి ఏడు గాలిరోగం వచ్చి ఆమె మంద మొత్తం పోయింది. మిగిలినవి తాతలనాటి నుంచి ఆ ఇంటికి చెందిన ఇప్పచెట్లు. ఆ పక్క ఊళ్లలో పొలానికి హద్దులున్నట్టే ఇప్పచెట్లకు ఇళ్లుండేవి, ఒకరి చెట్టు కింద ఇంకొకరు పువ్వు ఏరరు. వానాకాలం గడవడానికి బుచ్చమ్మకు, ఆమె కోడలికి ఆ పువ్వు మీద వచ్చే జొన్నలే దిక్కు. ఈ మాట ఆమె నాతో బతిమాలుతున్నట్టు చెప్పలేదు. పరీక్షకు గంప దించి, నా చెయ్యి పువ్వులో ఉండగా చెప్పింది.

"జర సక్కగ సూడు సారూ. గీ గంపల మా ఆరునెల్ల కూడున్నది."

ఏప్రిల్‌లో తలుపు మూసి సీలు వేశాం. రెండు వానలు దంచి వెళ్లాయి. తరవాత ఉక్క. గుత్తేదారు బండ్లు రాలేదు. ఆయన తరపున ఊళ్లో ఉండే మనిషి సత్తయ్య. రెండో తాళంచెవి అతని మొలతాడుకు ఉండేది. రేపు మాపు అంటూ తప్పించుకు తిరిగాడు. అసలు సంగతి అంగడిలో బయటపడింది. ఆ ఏడు బెల్లం చవకగా దొరికిందట, గుత్తేదారుకు పువ్వు అవసరం తగ్గిందట. వద్దు అనడానికి ఒప్పందం ఒప్పుకోదు. పువ్వే చెడిపోతే మాత్రం ఆయనకు ఏ బాధ్యతా లేదు.

ఒకరోజు పొద్దున గోదాము చుట్టూ తిరుగుతుంటే వాసన తేడాగా తగిలింది. ఎండిన ఇప్పపువ్వు వాసన తియ్యగా, కొంచెం మత్తుగా ఉంటుంది. ఇది పులిసిన గంజి వాసన. పచ్చిదనం ఉన్న పువ్వు రాశిలో పడితే లోపల్లోపల పులుస్తుంది, పులిస్తే వేడి పుడుతుంది, ఆ ఆవిరి పక్క పువ్వును తడుపుతుంది. అలా పాకుతుంది. చివరికి మంట లేకుండానే నల్లగా మాడిపోతుంది, ఒక్కోసారి నిజంగానే అంటుకుంటుంది. రాశిని తిరగబోసి ఆరబెట్టడం ఒక్కటే మందు. అంటే తలుపు తీయాలి.

సత్తయ్య తాళంచెవి ఇవ్వనన్నాడు. పువ్వుకు నీళ్లు కొట్టి తెచ్చారని, బరువు కోసం ఈ గొల్లోళ్లు ఎప్పుడూ చేసే పనే ఇదని అన్నాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చాక ఆయన ముందే తెరుద్దామని, చెడినదాన్ని చెడినట్టు రాయించి మొత్తం రాశిని కొట్టివేయిద్దామని తాపీగా తమలపాకు నములుతూ చెప్పాడు. కొట్టివేయడమంటే పనికిరాదని రాసి, నీళ్లు పోసి గుంటలో పూడ్చడం. నీళ్లు కొట్టారని కూడా రాస్తే ఏరినవాళ్ల మీద కేసు.

నేను ఇన్‌స్పెక్టర్ గారికి జవానుతో కబురు పంపాను. ఆయన క్యాంపులో ఉన్నారని, వారం చివర వస్తారని జవాబు వచ్చింది. ఇక నేను చేయగలిగింది గోదాముకు జ్వరం చూడటమే. గోడల పైభాగంలో గాలి కోసం సన్నని కంతలుండేవి. నిచ్చెన వేసుకుని, ఒక్కో కంతలోంచి పొడుగాటి ఇనుప సలాక రాశిలోకి దించి, కాసేపు ఉంచి, బయటికి లాగి అరచేత్తో పట్టుకుని చూసేవాణ్ని. ఒక చుట్టు అయ్యాక కూర్చుందామనుకునేవాణ్ని. చాయ్ గ్లాసు చేతికి వచ్చేలోపే మళ్లీ నిచ్చెన జరిపేవాణ్ని. అన్నం నిలబడి తిన్నాను. కాళ్లు నేలమీద నిలిచేవి కావు.

ఊరివాళ్లకు ఇది మంచి తమాషా అయింది. బండల మీద కూర్చున్న మగవాళ్లలో ఒకడు నాకు వినపడేటట్టే అన్నాడు.

"దారోగసాబు గోదాముకు సూదిమందు ఇస్తుండురా."

నవ్వులాటకే అన్నాడు కాని, నవ్విన తరవాత ఎవరూ లేచి పోలేదు. అందరి జొన్నలూ లోపలే ఉన్నాయి.

రెండు మూడు రోజుల్లో ఒక సంగతి స్పష్టమైంది. మూడు మూలల్లో సలాక గోరువెచ్చగా వస్తున్నది. ఈశాన్యపు మూలలో దించితే మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడి. ఇది నాకు అంతుపట్టలేదు. నీళ్లు కొట్టి తెచ్చిన పువ్వయితే రాశి అంతటా కలిసిపోవాలి, ఒకే మూలకు ఎందుకు చేరుతుంది? కప్పు కారిందేమో అని పైకెక్కి చూశాను, కారలేదు. గోడకు చెమ్మ ఎక్కిందేమో అని పునాది తవ్వి చూశాను, మట్టి ఎండు పొడిగా ఉంది. సత్తయ్య నా వెనకే తిరుగుతూ, ఎందుకు సాబ్ ఇంత హైరానా, మీ సొమ్మా నా సొమ్మా అని ఓదార్చాడు. అతని ఓదార్పు నాకు ఒంటికి కారం రాసినట్టుండేది.

ఇన్‌స్పెక్టర్ గారు రావడానికి ఇంకా వ్యవధి ఉండగా, పొద్దున్నే బుచ్చమ్మ ఒక చిన్న గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. దాని మీద తడిబట్ట కప్పి ఉంది. నా ముందు దించి బట్ట తీసింది. పచ్చి ఇప్పపువ్వు. పసుపు చల్లి, వేపమండలు వేసి ఉంది. పూత అయిపోయి చాలా రోజులైంది కాబట్టి ఆశ్చర్యపోయాను. అడవి లోపల ఆలస్యంగా పూసే చెట్టు ఒకటి ఉంటే తెల్లవారకముందే బయలుదేరి పోయి తెచ్చిందట.

"మైసమ్మకు కోపమొచ్చింది సారూ. పెట్టిన గంప సాల్లేదేమో. గిది గూడ లోపట పెడితే సల్లవడ్తది. జర తలుపు తియ్యిపియ్యి."

"పెట్టిన గంపేంది అవ్వా?" అన్నాను.

"మొదాలి గంప. తొలినాడు రాలిన పువ్వు ఎండకు పెట్టరు. పచ్చిదే మైసమ్మకు సూపిచ్చి, ఈశాన్నం మూలకు పోస్తం. గట్లయితెనే గాదె ఒట్టిపోదు. మా అత్త చేసింది, ఆమె అత్త చేసింది."

"ఎన్ని ఇండ్లోళ్లు పోసిండ్రు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "గదేం మాట సారూ? పోయని ఇల్లు ఉంటదా? అందరిది నేనే పోసిన. పెద్దదాన్ని గద."

నాకు ఒక్కసారిగా నవ్వు, కోపం రెండూ వచ్చాయి. విడివిడిగా ఇళ్లలో గాదెలున్నప్పుడు ఆ ఆచారం వల్ల నష్టం లేదు. ఒక గాదెకు ఒక దోసెడో, బుడ్డ గంపెడో పచ్చిపువ్వు, అది ఎండు పువ్వులో అణిగిపోయేది. సర్కారు ఆ ఏడే గాదెలన్నీ తీసేసి ఒకే గోదాము కట్టింది. వీళ్లు ఆచారాన్ని మాత్రం పాత లెక్కనే జరిపారు. ఊరి ఇళ్లన్నిటి పచ్చిపువ్వూ ఒకే మూలలో, ఒకే కుప్పగా, అన్నిటికన్నా అడుగున చేరింది. నాకు ముందున్న అధికారి చూడలేదా అని అడిగాను. చూశాడట, కొబ్బరికాయ కొట్టి, చిప్ప తీసుకుని ఇంటికి పోయాడట.

మైసమ్మకు కోపం లేదని, లోపల మాడుతున్నది ఆ గంపలేనని నేను చెప్పినప్పుడు బుచ్చమ్మ నమ్మలేదు. సలాక తెచ్చి ఆ మూలలో దించి తీసి ఆమె చేతికిచ్చాను. పట్టుకుని వెంటనే వదిలేసింది. తరవాత పశ్చిమం వైపు కంతలో దించి ఇచ్చాను. చాలాసేపు పట్టుకునే నిల్చుంది.

"మరి ఊరి కూడు నేనే కాలవెట్టిన్నా?" అని అడిగింది.

కాదని చెబుదామనుకున్నాను. ఇంకా కాలలేదు, కాలకముందే తీద్దాం అని మాత్రం అన్నాను.

ఎలా తీయాలన్నదే చిక్కు. తలుపు తీయాలంటే సత్తయ్య తాళం. ఒకవేళ తీసినా, ఈశాన్య మూల తలుపుకు ఎదురు కొసన ఉంది, అక్కడికి చేరాలంటే రాశిని తిరగబోయాలి, ఆ వేడి అంతటా కలుస్తుంది. ఇన్‌స్పెక్టర్ గారు వచ్చేదాకా ఆగితే ఆయన చూసేది నల్లబడ్డ రాశినే, సత్తయ్య కోరుకునేదీ అదే. మిగిలింది గోడ. రాతి, మట్టి గోడ. ఆ మూలలో బయటినుంచి కిందివరస రాళ్లు ఊడదీస్తే చెడిన పువ్వు తనంతట తానే జారి బయటపడుతుంది, మిగతా రాశి కదలదు.

సీలు వేసిన గోదాము గోడను శాఖ మనిషే పగలగొట్టడం అంటే మా శాఖలో చిన్న విషయం కాదు. పువ్వు దొంగతనంగా అమ్ముకున్నానని రాయడానికి ఎవరికైనా ఒక్క సిరాబుడ్డి చాలు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంటి దగ్గర బాపు, చదువుకునే తమ్ముడు ఉన్నారు. భయం వేసింది, దాచడం దేనికి. ఆ భయంతోనే గోదాము చుట్టూ ఇంకోసారి తిరిగాను. తిరిగి వచ్చేసరికి కూడా మూల వేడిగానే ఉంది.

పోలీస్ పటేలును, పట్వారీని పిలిపించి పంచనామా రాయించాను. పంచనామా అంటే సాక్షుల ఎదుట చేసిన పనిని అక్కడికక్కడే రాసి వాళ్ల సంతకాలు తీసుకోవడం. తలుపు తాళాలు, సీళ్లు చెదరలేదని ముందే రాయించాను. సత్తయ్యను కూడా పిలిచాను. అతను రానని కబురు పంపి, గడ్డపార చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చి వద్దని అరిచాడు.

అభ్యంతరం మరో వైపు నుంచి కూడా వచ్చింది. ఈశాన్యం మూల పగలగొడితే ఊరికి అరిష్టమని రాళ్లు తీసే మనుషులు గడ్డపారలు కింద పెట్టేశారు. నేను ఆబ్కారీ గొంతు పెంచి చూశాను, లాభం లేదు. బుచ్చమ్మ ముందుకొచ్చింది. తెచ్చిన పచ్చిపువ్వు గంప గోడ పక్కన దించి, కొంగు బిగించి, గడ్డపార తనే ఎత్తుకుంది.

"పెట్టింది నేను, తీసుడు గూడ నేనే తీస్త. అరిష్టమొస్తె నా మీదికి రానియ్యి. నాకాడ ఇంక పోనీకె ఏమున్నది?"

ముసలిది రెండు దెబ్బలు వేసేసరికి మగవాళ్లు సిగ్గుపడి గడ్డపారలు అందుకున్నారు. నాలుగు రాళ్లు ఊడగానే పొగలాంటి ఆవిరి తన్నుకొచ్చింది. వెనకాలే నల్లటి ముద్ద, జిగటగా, బెల్లప్పాకం అడుగంటినట్టు జారిపడింది. అందులో వేపమండలు, పసుపు మరక ఇంకా కనిపిస్తున్నాయి. పట్వారీ ముక్కు మూసుకుని ఆ వేపమండలను కూడా పంచనామాలోకి ఎక్కించాడు. నల్లది అయిపోయాక బూడిదరంగు పువ్వు వచ్చింది, తరవాత ఎర్రటి పువ్వు. నేను గుప్పెడు తీసి పిసికి వదిలాను. విడిపోయింది. ఇంకో గుప్పెడు బుచ్చమ్మ చేతిలో పోశాను. ఆమె పిసికి వదిలి, అరచెయ్యి నాకు చూపించింది. అప్పుడు నేను అక్కడే రాళ్ల మీద కూర్చున్నాను.

ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన అధికారి, నిబంధనల మనిషి. గోడకు ఉన్న కంతను చూసి నన్ను తిట్టారు, పంచనామా చదివి సత్తయ్యను తిట్టారు. నీళ్లు కొట్టారన్న ఆరోపణకు ఆధారం లేదని, చెడిన భాగం పోగా మిగిలిన పువ్వు ఎత్తుబడికి యోగ్యమని రాశారు. గుత్తేదారు బండ్లు ఆ వారంలోనే వచ్చాయి. ఇళ్లకు జొన్నలు, ఉప్పు అందాయి, అందరికీ కొంచెం తగ్గించి. నాకు సంజాయిషీ మెమో అందింది. అనుమతి లేకుండా సర్కారు కట్టడానికి నష్టం కలిగించినందుకు ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. ఆ శిక్ష అన్యాయమని నేను ఎప్పుడూ అనుకోలేదు. గోడ పగలగొట్టింది నిజమే.

గోడ మళ్లీ కట్టిస్తుంటే బుచ్చమ్మ వచ్చి నిలబడింది. వచ్చే ఏడు మొదాలి గంప ఎక్కడ పెట్టాలె సారూ అని అడిగింది. అసలు పెట్టవద్దు అని హుకుం ఇవ్వడం నా హోదాకు తగిన జవాబు. అలా చెబితే నా ఎదుట పెట్టరు, నేను చూడనప్పుడు పెడతారు. మేస్త్రీతో మాట్లాడి అదే ఈశాన్య మూలలో, గోడ బయటివైపున, గాలి తగిలేటట్టు ఒక గూడు కట్టించాను. మైసమ్మకు గోదాము బయట ఉన్నా మూల మూలే కదా అన్నాను. ఆమె గూట్లో చెయ్యి పెట్టి కొలిచి చూసింది.

"అందరిది పట్టదు. నా ఒక్కదానిదే పెడ్త, అందరి పేరు మీద," అన్నది.

ఆ తరవాత నల్గొండ జిల్లాలోనూ, ఇతర చోట్లా చాలా గోదాముల తాళాలు తీసుకున్నాను. ఎక్కడా అడుగు చూడకుండా సంతకం చేయలేదని చెప్పలేను, రాశిని తిరగబోయడం ప్రతిసారీ కుదరదు. కాని అప్పగించే అధికారిని ఒక్కడినే అడిగి ఊరుకోలేదు. మొదటి గంప ఎవరు పోశారో కనుక్కుని, వాళ్లింటికి పోయి ఏం పోశారని అడిగి, ఆ తరవాతే సంతకం చేశాను.